రాయగడ నుంచి సుంకి దాకా, జీపుల వెంట

2019 జూన్‌లో మహీంద్రా కంపెనీ ఒక ప్రకటన చేసింది. అప్పటిదాకా అమ్ముతున్న థార్ అనే జీపు మోడల్లో ఇక 700 బళ్లే చేస్తామని, వాటితో ఆ మోడల్ ఆఖరని. ఆ చివరి బ్యాచ్‌కి థార్ 700 అని పేరు పెట్టారు. ముందు ఫెండర్ మీద ఆనంద్ మహీంద్రా సంతకం ఉన్న బిళ్ల బిగించారు. అప్పట్లో ఢిల్లీ షోరూం ధర 9.99 లక్షలు. నలుపుతో పాటు అక్వామెరీన్ అనే నీలం రంగు కొత్తగా ఇచ్చారు. గుడ్డ టాపు విప్పేసి, ఆకాశం కింద తిరగగలిగే బండి కావాలంటే మన దేశంలో మామూలు మనిషికి అందుబాటులో ఉన్నవి చాలా తక్కువ. అందులో లెక్కపెట్టి చేసినది ఇంకా అరుదు. అందుకే ఈ 700 వెనక కథ ఏమిటో మొదటి నుంచీ తెలుసుకోవాలనిపించింది.

దానికి నాసిక్‌కో ముంబైకో వెళ్లాలి గానీ రాయగడ, కోరాపుట్ ఎందుకని ఇంట్లో అడిగారు. ఫ్యాక్టరీ బండిని తయారు చేస్తుంది, అంతవరకే. ఆ బండి ఎందుకు అలా తయారైందో, ముందు మోడల్లో ఏది విరిగితే తర్వాతి దాన్ని ఎలా మార్చారో చెప్పగలిగేది దాన్ని వాడిన చోటే. ఒడిశా సరిహద్దులో మన తెలుగువాళ్లున్న ఈ కొండ ఊళ్లలో బస్సు వెళ్లని చోటికల్లా కొన్ని దశాబ్దాలు జీపే వెళ్లింది. థార్ తాతముత్తాతలు ఇప్పటికీ అక్కడ షెడ్లలో ఉన్నాయి. కొన్ని తిరుగుతున్నాయి కూడా.

సోమవారం, రాయగడ

పార్వతీపురంలో రైలెక్కితే కాసేపటికే రాయగడ. స్టేషన్ బయట బోర్డులన్నీ ఒడియాలో ఉంటాయి, మాటలు మాత్రం సగం తెలుగే. టిఫిన్ బండి దగ్గర ఇడ్లీలోకి చట్నీతో పాటు గుగుని అనే బఠాణీ కూర కూడా వేస్తారు. మజ్జిగౌరమ్మ గుడికి వెళ్లేవాళ్లతో ఆటోలన్నీ నిండిపోయాయి. నేను నడిచే వెళ్లాను.

మా బావ చెప్పిన మేస్త్రి షెడ్డు ఊరి చివర ఉంది. ఆయన బొబ్బిలి వైపు నుంచి చిన్నప్పుడే వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. అరవై దాటాయి. నేను వెళ్లేసరికి ఎంఎం540 అనే పాత మహీంద్రా జీపు ముందు చక్రాలు విప్పి, దుంగల మీద నిలబెట్టి, కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు) మారుస్తున్నారు.

"మీకేటి కావాలి బాబూ, థార్ చరిత్రా? అయితే ముందు ఈడి బానెట్ సూడండి" అన్నారు.

ఆయన పాఠం బానెట్‌తోనే మొదలైంది. అమెరికాలో విల్లీస్ కంపెనీ చేసిన పాత జీపుకి బానెట్ కిందకి ఉంటుంది. ఆ కంపెనీదే తర్వాతి మోడల్ సీజే-3బికి దాదాపు నాలుగంగుళాలు ఎత్తు పెరిగింది. అందం కోసం కాదు. అందులో పెట్టిన హరికేన్ ఇంజను పొడుగు. లోపలికి గాలి తీసుకునే వాల్వు హెడ్డులో పైన ఉంటుంది, పొగ వదిలే వాల్వు బ్లాకులో కింద ఉంటుంది. పైన వాల్వులు వచ్చేసరికి ఇంజను ఎత్తు పెరిగింది, దానికి తగ్గట్టు బానెట్ పైకి లేచింది. అమెరికాలో 1953లో మొదలైన ఆ సీజే-3బి అక్కడ 1968లో ఆగిపోయింది. మన దగ్గర మాత్రం మహీంద్రా వాళ్లు ఆ రూపాన్ని ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు సాగదీశారు.

ఈ కంపెనీ మొదలైన తీరు కూడా ఆసక్తిగా ఉంటుంది. 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్ అనే పేరుతో ఉక్కు వ్యాపారం కోసం పెట్టారు. దేశ విభజన తర్వాత భాగస్వామి మాలిక్ గులాం మహమ్మద్ పాకిస్తాన్ వెళ్లిపోయారు, అక్కడ మొదటి ఆర్థిక మంత్రి అయ్యారు. 1948లో పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. 1947లో విల్లీస్ నుంచి విడిభాగాలుగా వచ్చిన మొదటి 75 జీపుల్ని బొంబాయిలో బిగించారు. 75తో మొదలైన వరసలో ఒక మోడల్ 700తో ముగిసిందన్నమాట. ఈ రెండు అంకెల మధ్య ఏం జరిగిందన్నదే నాకు కావలసింది.

దుంగల మీదున్న ఎంఎం540 ఆ మధ్య కాలంలోది. 1980ల నడుమ వచ్చింది. పెట్రోలు జీపు తాగుడు ఎక్కువ. ప్రభుత్వ ఆఫీసు అయితే భరించింది గానీ సొంతానికి కొనుక్కున్నవాడి వల్ల కాలేదు. అందుకని చాలామంది పెట్రోలు ఇంజను పీకేసి డీజిలు ఇంజను పెట్టించుకున్నారు. కంపెనీ కూడా ప్యూజో వాళ్ల 2.1 లీటర్ల డీజిలు ఇంజను తెచ్చి ఈ కొత్త జీపులో బిగించింది. బలం 62 హార్స్ పవరే. ఘాట్ మీద నిండు బండి లాగడానికి ఆ బలం తక్కువే గానీ, కింది గేర్లో పట్టుకుని మెల్లగా పాకేది అంటారు మేస్త్రి.

ఇక్కడ ఆయన చెప్పిన ఒక మాట రాసుకున్నాను. "ఛాసిస్ ఒక ఏడాదిది, ఇంజను ఇంకో బండిది, గేర్‌బాక్సు మిలట్రీ వేలందీ. ఈ కొండల్లో ఒరిజినల్ అన్న బండి ఒక్కటి తేలేరు బాబూ." తర్వాత కిరసనాయిలు గుడ్డతో ఇంజను బ్లాకు పక్కన మడ్డి తుడిచి, లోతుగా కొట్టిన నంబరు నాకు చూపించారు. ఆర్‌సీ పుస్తకంలోని నంబరుతో అది కలవలేదు. ఆయనకి అందులో ఆశ్చర్యమేమీ లేదు. బండి ఆగకుండా నడవడం ముఖ్యం, నంబరు కాదు. తయారీ చరిత్ర రాసేవాళ్లు ఈ మార్పిళ్లని పట్టించుకోరు. నా ఉద్దేశంలో మాత్రం అవి కూడా ఆ చరిత్రలో భాగమే. వాడేవాళ్లు డీజిలు పెట్టించుకోవడం చూసే కంపెనీలు డీజిలు వైపు వస్తాయి.

మంగళవారం, కోరాపుట్

రాయగడ నుంచి కోరాపుట్ రైలు దారి సొరంగాల దారి. లక్ష్మీపూర్ రోడ్, కాకిరిగుమ్మ దాటేసరికి కిటికీ బయట కొండవాలులన్నీ వలిసె పూలతో పసుప్పచ్చగా వెలిగిపోతున్నాయి. ఈ కాలంలో ఇటు రానివాళ్లు ఒకసారి రావాలి.

కోరాపుట్‌లో నాకు దొరికింది తక్కువ. జీపు స్టాండ్ అని ఇప్పటికీ పిలుస్తున్న చోట జీపులు లేవు, బొలేరోలు, ఆటోలు ఉన్నాయి. తూర్పు బెంగాల్ శరణార్థుల కోసం 1958లో పెట్టిన దండకారణ్య ప్రాజెక్టు రోజుల్లో ఇక్కడంతా ప్రాజెక్టు జీపులేనని ఒక పెద్ద డ్రైవర్ చెప్పారు. సాయంత్రం కొండ మీద జగన్నాథ గుడికి వెళ్లి, రాత్రికి జయపురం చేరాను.

బుధవారం, జయపురం

జయపురం అనగానే మా వైపు పెద్దవాళ్లకి విక్రమదేవ వర్మ గుర్తొస్తారు. తెలుగు, ఒడియా రెండింటిలోనూ పండితుడు, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చిన జమీందారు. అక్కడి సైన్స్ కాలేజీకి ఆయన పేరు పెట్టారు. ఒకప్పుడు ఈ ప్రాంతమంతా విశాఖపట్నం జిల్లా ఏజెన్సీ. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు అటు వెళ్లింది. బజారులో తెలుగు షాపులు ఎందుకు అన్ని ఉన్నాయో అర్థం కావాలంటే ఆ సంగతి తెలియాలి.

నేను చూడాలనుకున్న థార్ 700 అలాంటి ఒక కిరాణా హోల్‌సేల్ వ్యాపారి ఇంట్లో ఉంది. మా బావకి స్నేహితుడి అన్నయ్య. గోడౌన్‌లో చింతపండు బస్తాల పక్కన, మీద పాత దుప్పటి కప్పి ఉంది. దుప్పటి తీశారు. అక్వామెరీన్ రంగు. బానెట్ మీదా పక్కనా స్టిక్కర్లు, సీట్ల మీద థార్ అన్న పేరు, ఫెండర్ మీద సంతకం బిళ్ల. ఆ బిళ్ల మీద ఒక మూల తుప్పు చుక్క కనిపిస్తే ఆయన చొక్కా అంచుతో మెల్లగా తుడిచారు.

"తమ్ముడూ, దీన్ని కొన్నరోజు మా నాన్నగారు నన్ను తిట్టారు. పది లక్షలు పోసి పైన కప్పు లేని బండి కొంటావా అని" అన్నారు. ఆయన తిరిగేది దీని మీద కాదు. పండగలకీ, దేవ్‌మాలి కొండకీ తీస్తారు. 1,672 మీటర్ల దేవ్‌మాలి ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం. పైకి వెళ్లాక టాపు విప్పేస్తే పిల్లలు నిలబడి చూస్తారట.

నేను ముందుగా ఛాసిస్ నంబరు చూశాను. పదిహేడు అక్షరాల ఆ నంబరులో మొదటి మూడు ఎంఏ1. అది మహీంద్రా గుర్తు. పదో స్థానంలో కె అనే ఇంగ్లీషు అక్షరం ఉంది, అంటే 2019. తర్వాత టేపు తీసి ముందు చక్రం నడిబొడ్డు నుంచి వెనక చక్రం నడిబొడ్డు దాకా కొలిచాను. కంపెనీ చెప్పే 2,430 మిల్లీమీటర్లే వచ్చింది. మేస్త్రులు దీన్నే వీల్‌బేస్ అంటారు. ఈ అంకెతో నాకు గురువారం పని ఉంది.

ఇక అసలు ప్రశ్న. అమ్ముడుపోతున్న బండిని 700 దగ్గర ఎందుకు ఆపేశారు? కంపెనీ దీన్ని తమ 70 ఏళ్ల వారసత్వానికి గుర్తుగా చెప్పుకుంది. ఆ మాట నిజమే కావచ్చు. అయితే క్యాలెండర్ ముందు పెట్టుకుని చూస్తే మరో సంగతి కనిపిస్తుంది. 2019 ఏప్రిల్ నుంచి పాత మోడల్ కార్లకి కూడా ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి అయింది. జూలై నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, వెనక పార్కింగ్ సెన్సర్, సీటు బెల్టు హెచ్చరిక, వేగం హెచ్చరిక అడిగారు. అక్టోబర్ నుంచి కొత్త క్రాష్ పరీక్షల నిబంధనలు. ఆపైన 2020 ఏప్రిల్ 1 నుంచి పొగ కాలుష్యం మీద బీఎస్-6 నిబంధనలు. బీఎస్-4 బళ్లని 2020 మార్చి 31 తర్వాత అమ్మకూడదని సుప్రీంకోర్టు 2018 అక్టోబర్‌లోనే తేల్చేసింది. అన్నీ ఒకే ఏడాదిలో వచ్చి పడ్డాయి.

థార్ 700కి ఏబీఎస్ పెట్టారు. ఎయిర్‌బ్యాగ్ పెట్టాలంటే స్టీరింగ్, డాష్‌బోర్డు మాత్రమే మారిస్తే చాలదు, ఢీకొన్నప్పుడు ఛాసిస్ ఎలా ముడుచుకోవాలో కూడా కొత్తగా ఆలోచించాలి. 2010లో వచ్చిన ఈ థార్‌కి వెనక ఇంకా కమాన్ కట్టలే. ముందు మాత్రం వాటి బదులు మెలితిరిగే ఉక్కు కడ్డీల టోర్షన్ బార్ సస్పెన్షన్ ఇచ్చారు. ఎంఎం540 మీద అదే పెద్ద మార్పు. 2.5 లీటర్ల కామన్ రైల్ డీజిలు ఇంజను, 105 హార్స్ పవర్. 2015లో వెనక ఆక్సిల్‌కి లాకింగ్ డిఫరెన్షియల్ కలిపారు. బురదలో ఒక చక్రం ఊరికే తిరుగుతుంటే రెండో చక్రానికి కూడా బలం అందించేది అదే. ఇంత మంచి సామాను ఉన్నా అస్థిపంజరం పాతది. కొత్త చట్టాలకి సరిపోయేలా దాన్ని సవరించడం కన్నా కొత్త బండి గీయడమే నయం. 2020 అక్టోబర్ 2న వచ్చిన కొత్త థార్ అలా గీసినదే. ఆ ఏడాదే గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్ల క్రాష్ పరీక్షలో దానికి నాలుగు స్టార్లు వచ్చాయి.

కాబట్టి 700ని నేను ఒక చట్టం గడువులోపు పూర్తయిన పని లెక్కగా చూస్తాను. అరుదైన బండి కావాలని అరుదుగా చేసింది వేరు, తలుపు మూసేలోపు ఆఖరివిగా బయటికొచ్చినవి వేరు. రెండో రకమే నాకు ఎక్కువ విలువైనది. ఒక పద్ధతిలో బండి కట్టడం ఎక్కడ ఆగిందో ఆ బళ్ల మీద చూసి చెప్పొచ్చు.

మధ్యాహ్నం టాపు సంగతి చూద్దామని ఆ అన్నయ్యే నన్ను ఒక టైలర్ మాస్టారి దగ్గరికి తీసుకెళ్లారు. లారీ టార్పాలిన్లు, ఆటో హుడ్లు, జీపు టాపులు కుట్టే దుకాణం. నేల మీద పరిచిన కాన్వాస్ మీద మాస్టారు మోకాళ్ల మీద కూర్చుని సుద్దతో గీతలు గీస్తున్నారు. వాళ్ల నాన్నగారి నుంచీ ఇదే పని.

కంపెనీ ఇచ్చిన టాపు ఇక్కడ ఎందుకు నిలవదో ఆయన చేత్తో చూపించారు. వెనక కిటికీకి వేసిన ప్లాస్టిక్ ఎండకి మసకబారి, తర్వాత పెళుసై, మడతపెట్టిన గీత దగ్గర పగులుతుంది. అంతకన్నా ముందు పోయేది జిప్పు. ఎర్రమట్టి దుమ్ము దాని పళ్లలోకి దిగి, వాన పడగానే గట్టిపడిపోతుంది. ఎవరో తొందరలో బలంగా లాగుతారు, జిప్పు తల ఊడి చేతికొస్తుంది. ఆయన జిప్పులు తీసేసి తోలు పట్టీలు, బకిల్సు వేస్తారు. అంచుల్లో రెండు మడతలు, లోపల నాడా, మీద రెండు వరసల కుట్టు. ఇనప గొట్టాలకి రాసుకునే చోట రెక్సిన్ ముక్క వేసి మందం చేస్తారు. ఆయన మాట్లాడుతూనే ఒక అంచు నా చేతిలో పెట్టి లాగమన్నారు. రెండు చేతులతో లాగినా దారం కదల్లేదు.

"కంపెనీ టాపు సిటీకి బాగుంటాది సార్. మనది కొండకి" అన్నారు.

2010 థార్‌కి ఫ్యాక్టరీ నుంచి వచ్చింది గుడ్డ టాపు. గట్టి కప్పు కావాలనుకున్నవాళ్లు బయటే కట్టించుకున్నారు. 2020 మోడల్లోనే గట్టి కప్పు, విప్పే గుడ్డ కప్పు అని కంపెనీయే వేరువేరుగా అమ్మడం మొదలుపెట్టింది. అంతకుముందు పదేళ్లు కన్వర్టిబుల్ అన్న మాటకి ఈ ఊళ్లలో అర్థం ఇచ్చింది మాస్టారి లాంటివాళ్లే. ఆయన పేరు ఏ బ్రోచర్లోనూ ఉండదు. ఉండాలని నాకు గట్టిగా అనిపించింది.

గురువారం, మాచ్‌ఖండ్

జయపురం నుంచి పొద్దున్నే బయల్దేరాను. లమతాపుట్ దాటాక రోడ్డు వంకర్లు తిరిగి లోయలోకి దిగుతుంది. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. ఆంధ్ర, ఒడిశా ఉమ్మడిగా నడిపేది. అందుకే అక్కడి ఒనకఢిల్లీ అనే ఊళ్లో తెలుగు కుటుంబాలు, తెలుగు హోటళ్లు. గురువారం సంత రోజు కావడంతో ఊరంతా కిక్కిరిసి ఉంది. బోండా ఆడవాళ్లు మెడనిండా పూసల దండలతో కొండ దిగి వచ్చారు. వాళ్లకి కెమెరా చూపించకుండా పక్కనుంచి నడిచాను. సంతకి వచ్చిన మనుషుల్ని బొమ్మల్లా ఫొటోలు తీసుకోవడం నాకు నచ్చదు.

నేను వెతుక్కుంటూ వచ్చిన సీజే-3బి ప్రాజెక్టులో ఫిట్టర్‌గా చేసి రిటైరైన ఒక తాతగారి ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉంది. డిపార్ట్‌మెంటు వేలంలో కొన్నారట. డీజిలు ఇంజను పెట్టించమని అందరూ చెప్పినా ఆయన వినలేదు. ఆ హరికేన్ ఇంజనే ఇప్పటికీ ఉంది.

"ఇది ఆడపిల్ల లాంటిది నాయనా. వేరే గుండె పెడితే మనది ఎలాగవుతాది?" అన్నారు తాతగారు. వాళ్లావిడ లోపల్నుంచి నవ్వుతూ చోడి అంబలి గ్లాసుల్లో తెచ్చిచ్చారు. అందులో ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ.

బానెట్ పక్క కొక్కేలు రెండూ తీసి పైకెత్తారు. పొద్దున్న వెలుతురులో ఇంజను చూడగానే సోమవారం మేస్త్రి చెప్పింది కళ్లకి కట్టింది. పైన కార్బురేటర్ హెడ్డు మీదే కూర్చుని ఉంది. పొగ గొట్టం మాత్రం కింద బ్లాకు పక్క నుంచి బయల్దేరింది. ఒకే ఇంజనులో రెండు కాలాలున్నాయి. పక్క వాల్వుల పాత పద్ధతిని వదలకుండా, పై వాల్వుల కొత్త పద్ధతిలో సగం తీసుకున్నారు. పాత జీపు ఇంజను బ్లాకు అచ్చుల్ని వదులుకోకుండా బలం పెంచడానికి విల్లీస్ ఇంజనీర్లు ఎంచుకున్న దారి ఇది. 134 ఘనపు అంగుళాల సైజు మారలేదు, బలం 60 నుంచి 70 దాటింది.

డాష్‌బోర్డు మీద కంపెనీ బిగించిన అల్యూమినియం నంబరు పలక ఉంది. బొంబాయి అని చదవగలిగాను. ఊరి పేరు ముంబై అయింది 1995లో, అంటే పలక అంతకు ముందుది. చుట్టూ రంగు మూడు సార్లయినా వేసి ఉంటారు గానీ పలక మీద ఎవరూ రంగు పడనివ్వలేదు. కాగితం పెట్టి పెన్సిలు అడ్డంగా రుద్దితే అక్షరాలు ఒక్కొక్కటే తేలాయి. ఛాసిస్ నంబరు పూర్తిగా వచ్చింది.

టేపు పట్టాను. చక్రానికీ చక్రానికీ మధ్య 80 అంగుళాలు, అంటే 2,032 మిల్లీమీటర్లు. నిన్నటి థార్ కన్నా దాదాపు 40 సెంటీమీటర్లు తక్కువ. 80 అంగుళాలంటే 1941 నాటి యుద్ధపు జీపు కొలతే. ఆ కొలతని దాటి బండి పొడుగవడం వెనక కూడా కొండలూ సంతలూ ఉన్నాయి. ఇటు జనానికి కావలసింది ఎక్కువమంది పట్టే బండి. కమాండర్, మార్షల్ అని పొడుగు జీపులు వచ్చింది అందుకే. ఇటు థార్ మాత్రం సరదా బండిగా మిగిలింది. అయినా రెండు తలుపులు, నిలువు గీతల గ్రిల్లు, విప్పే టాపు మాత్రం వదల్లేదు.

గ్రిల్లు మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. యుద్ధపు జీపుకి గ్రిల్లులో తొమ్మిది గీతలు, సీజే జీపులకి ఏడు. థార్‌కీ ఏడే. ఇదే పోలిక మీద అమెరికాలో పెద్ద తగాదా నడిచింది. మహీంద్రా అక్కడ రాక్సర్ అనే చిన్న జీపు అమ్మితే, జీప్ బ్రాండు అప్పట్లో ఎవరి చేతిలో ఉందో ఆ ఫియట్ క్రైస్లర్ 2018లో ఫిర్యాదు చేసింది. 2020లో అమెరికా వాణిజ్య కమిషన్ తీర్పు ఫియట్ క్రైస్లర్ వైపు వచ్చింది, మహీంద్రా ముఖం మార్చుకోవలసి వచ్చింది. తాతగారికి ఇది చెప్తే చాలాసేపు ఆలోచించారు. "మరి ఈ బండి ఎవరిది? లైసెన్సు ఇచ్చి చేయించుకున్నది ఆళ్లే కదా" అన్నారు. 1947 నుంచి నడిచిన సంబంధం గురించి నాకున్న ప్రశ్న కూడా అదే.

తర్వాత తాతగారు అద్దం పక్కన ఉన్న రెండు బిగింపులు వదులు చేసి, ముందు అద్దాన్ని బానెట్ మీదకి వాల్చేశారు. టాపు ముందే విప్పి ఉంది. స్టార్టు చేశారు. మొదట రెండు సార్లు దగ్గి, మూడోసారి అందుకుంది. సంత వెనక మట్టి రోడ్డు మీద నన్ను ఎక్కించుకుని ఒక చుట్టు తిప్పారు. ఎదురుగా అద్దం లేదు, పైన కప్పు లేదు, పక్కన తలుపు లేదు. ఆవులు, సంచుల్తో నడిచేవాళ్లు, తుమ్మచెట్ల కొమ్మలు అన్నీ చెయ్యి చాచితే అందేంత దగ్గరగా వెళ్లాయి. గోడౌన్‌లో దుప్పటి కింద చూసిన ఆ అక్వామెరీన్ బండికి ఈ అనుభవమే వారసత్వంగా వచ్చింది. 9.99 లక్షలు పెట్టి కొన్నవాళ్లు కొన్నది నిజానికి దీన్నే.

శుక్రవారం, కుండులి, పొట్టంగి, సుంకి

సెమిలిగూడ దగ్గర కుండులి సంత శుక్రవారమే. అల్లం, క్యాబేజీ, చిక్కుడు, మేకలు, కోళ్లు, అన్నీ కొండల నుంచే వస్తాయి. సంత అంచున ఒక కమాండర్ జీపు ఇంకా పనిచేస్తోంది. నంబరు ప్లేటు ఓఆర్-10. 2012లో ఒడిశా నంబర్లకి ఓఆర్ బదులు ఓడీ వచ్చాక కూడా పాత బళ్లకి పాత అక్షరాలే ఉన్నాయి. వెనక సీట్లు పీకేసి అల్లం బస్తాలు వేశారు. టాపు మాత్రం మాస్టారి పద్ధతిలోనే, తోలు పట్టీలతో ఉంది. ఎవరు కుట్టారని అడిగితే డ్రైవర్ జయపురం వైపు చెయ్యి చూపించాడు.

అతను సాలూరు వైపు కుర్రాడు. అన్నా అని పిలిచి, టీ ఇప్పించి, బండి గురించి తీరిగ్గా చెప్పాడు. స్పేర్ పార్టుల కోసం సాలూరు, విజయనగరం వెళ్తాడు. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) దొరకడం ఏడాదికేడాది కష్టమవుతోంది. వచ్చేసారి దొరక్కపోతే బండి తుక్కుకే అన్నాడు. మాట అయ్యాక స్టెప్నీ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు, ఇంకేమీ అనలేదు.

ఘాట్ దారిలో ఒక ప్రభుత్వ ఆఫీసు ఆవరణలో పక్కపక్కనే పెట్టిన పాత జీపుల్ని చూసి దిగాను. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకి రిజిస్ట్రేషన్ పొడిగించడం లేదు. అలా పక్కన పెట్టినవే ఇవి. రెండు ఎంఎం540లు, ఒక మార్షల్, గుర్తు పట్టలేనంతగా గడ్డి పెరిగిన ఇంకోటి. వాచ్‌మన్ తెలుగాయనే. అడిగితే ఫొటోలు తీసుకోమన్నాడు. ఒక ఎంఎం540 టాపు చిరిగి గొట్టాలు మాత్రమే మిగిలాయి. ఇంకోదానికి ఇంజను ఎవరో ఎప్పుడో తీసేశారు. బానెట్ ఎత్తి చూస్తే మూడింటికి పలకలు ఉన్నాయి. మూడింటివీ పెన్సిలుతో కాగితం మీదకి దించుకున్నాను. నాలుగోదానికి పలక ఉండవలసిన చోట రెండు రివెట్ బొక్కలున్నాయి.

థార్ 700 గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ 700 బళ్లని కొన్నవాళ్లు వాటి పలకల్ని బంగారంలా చూసుకుంటారు. దాని ముందు తరాల పలకలే పోతున్నాయి. పలక పోతే ఏ బండి ఏ ఏడాదిదో, ఏ ఇంజనుతో పుట్టిందో, ఏ ఆఫీసుకి మొదట వచ్చిందో కలిపి చూసే దారి పోతుంది. మీ ఊళ్లో, మీ తాతగారి షెడ్డులో, మీ ఆఫీసు వెనక ఆవరణలో జీపు ఉంటే, వేలం పాట అయ్యేలోపు బానెట్ ఎత్తి పలక ఫొటో తీసి పెట్టండి. పలక లేకపోతే ఛాసిస్ మీద కొట్టిన నంబరు చూడండి. తుప్పు పట్టి ఉంటే కిరసనాయిలు గుడ్డతో తుడిచి, కాగితం పెట్టి పెన్సిలు రుద్దండి, వస్తుంది. ఫొటోతో పాటు ఏ ఊరు, ఎవరు వాడారు, టాపు ఎవరు కుట్టారు అన్నవి కూడా రాసి ఉంచండి.

సుంకి దగ్గర చీకటి పడింది. సాలూరు బస్సు నిండుగా వచ్చింది, ఫుట్‌బోర్డు మీద చోటు దొరికింది.